టీ-72 మోడల్ ట్యాంకు: నెల్లూరు ఎండలో, నెమ్ములో నిలబడిందా?

1/35 స్కేల్ (అసలు ట్యాంకులో 35వ వంతు) టీ-72 కిట్, అంటే ముక్కలు అతికించి కట్టుకునే ప్లాస్టిక్ ట్యాంకు, కొనాలా అని అడిగేవాళ్లకి నేను మూడు మాటలు చెబుతాను. కిట్ నిశ్చింతగా కొనండి. ట్రాకులు, అంటే చక్రాల చుట్టూ తిరిగే పట్టీలు మాత్రం విడిగా కొనుక్కోండి. రంగు వేయడానికి మంచి నెల చూసుకోండి. మూడోది వింతగా అనిపించవచ్చు గానీ, నెల్లూరులో ఈ పని చేసేవాళ్లకి అసలు విషయం అదే. పెట్టె విప్పిన వారంలో రాసే సమీక్షలు బోలెడు దొరుకుతాయి. అతుకులు, రంగు, ట్రాకులు కొన్ని వేసవులు దాటాక ఎలా ఉన్నాయో చెప్పేవి మాత్రం అరుదు. నా ట్యాంకు మా హాల్లో అద్దాల బీరువాలో మే నెల వడగాలినీ, నవంబరు వానలనీ చాలాసార్లే చూసింది. ఆ అనుభవంతో రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. వినైల్ (మెత్తటి, సాగే ప్లాస్టిక్) ట్రాకులతో వచ్చే ఏ టీ-72 కిట్‌కైనా ఇందులో చాలావరకు వర్తిస్తుంది.

టీ-72నే ఎంచుకోవడానికి కారణం ఉంది. డిజైన్ సోవియట్‌దే అయినా, మన సైన్యానికి 'అజేయ' పేరుతో ఇది తయారైంది చెన్నై పక్కన ఆవడిలో, హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీలో. పొద్దున నెల్లూరులో రైలెక్కితే మధ్యాహ్నానికి ఆవడిలో ఉండొచ్చు. జర్మన్ ట్యాంకులు అందంగా ఉంటాయి, కాదనను. కానీ మన రైలు పట్టాల మీద, గూడ్సు బండిలో టార్పాలిన్ కప్పుకుని పోయే ట్యాంకుని చూసినవాడికి, అదే ఆకారాన్ని చేత్తో ముక్క ముక్కగా కట్టడంలో ఉన్న ఆనందం వేరు. 41 టన్నుల బండి, 125 మిల్లీమీటర్ల ఫిరంగి, లోపల ముగ్గురే మనుషులు. గుండు ఎక్కించే పని యంత్రమే చేస్తుంది కాబట్టి నాలుగో మనిషి అక్కర్లేదు. టరెట్, అంటే ఫిరంగి ఉండే తిరిగే పైభాగం, అంత పొట్టిగా, అణిగినట్టు ఉండటానికి అదొక కారణం. ఈ సంగతి తెలిసి కడితే టరెట్ ముక్కలు అతికించేటప్పుడు ఆ ఆకారం మీద గౌరవం పెరుగుతుంది.

ఫిరంగితో కలిపి అసలు ట్యాంకు పొడవు తొమ్మిదిన్నర మీటర్లు. 35తో భాగిస్తే 27 సెంటీమీటర్లు. ఇంట్లో పెట్టుకోవడానికి సరిపోయే సైజు, పని చేసుకోవడానికి కంటికి ఆనే సైజు. ఈ 35 అనే లెక్క ఏ ఇంజినీరింగు పుస్తకంలోంచీ రాలేదు. 1960ల మొదట్లో జపాన్‌కి చెందిన తమియా కంపెనీ మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు బొమ్మ చేసినప్పుడు, లోపల బ్యాటరీలు, మోటారు పట్టేలా కొలత పెట్టుకుంటే అది సుమారు 1/35 అయింది. తర్వాత ప్రపంచమంతా అదే పట్టుకుంది.

ఇక అతికించే పని. ఇక్కడ కిట్‌కి పూర్తి మార్కులు. హల్ (ట్యాంకు ఒళ్లు) కింది భాగం, పై భాగం ఒకదానిమీద ఒకటి పెడితే ఖాళీ లేకుండా కూర్చున్నాయి. పల్చటి సిమెంట్ (ప్లాస్టిక్‌ని అతికించే ద్రవం) వాడండి, నేను తమియా ఎక్స్‌ట్రా థిన్ వాడాను. అది జిగురులా మధ్యలో పొరగా నిలవదు. రెండు ముక్కలు పట్టుకుని అతుకు మీద బ్రష్ ఆనిస్తే సందులోకి తనంతట తానే పాకి, ప్లాస్టిక్‌ని కరిగించి రెండింటినీ ఒకటి చేసేస్తుంది. అందుకే ఇన్నేళ్లలో నా ట్యాంకుకి అలా పెట్టిన ఒక్క అతుకూ ఊడలేదు. ఫెవిక్విక్ లాంటివి లోహపు ముక్కలకే ఉంచుకోండి. ప్లాస్టిక్‌కి వాడితే అతుకు పెళుసుగా ఉండి, చిన్న దెబ్బకే విడిపోతుంది.

ఫిరంగి గొట్టం రెండు సగాలుగా వచ్చింది. అతుకు గీత కనబడకుండా చేయడానికి ఓపిక కావాలి. షాపుల్లో దొరికే ఖరీదైన ఫిల్లర్ అవసరం లేదు. సిమెంట్ కాస్త ఎక్కువ పెట్టి రెండు సగాల్నీ నొక్కితే కరిగిన ప్లాస్టిక్ అతుకు వెంట పైకి పొంగుతుంది. దాన్ని రెండు రోజులు ఆరనిచ్చి, కార్ల షెడ్డువాళ్లు వాడే వాటర్ పేపరు, 800 నంబరు, ఆ తర్వాత 1200, నీళ్లలో తడిపి గొట్టం చుట్టూ తిప్పుతూ రుద్దాలి. పొడవునా రుద్దితే గొట్టం గుండ్రదనం పోయి ఒకవైపు చదునెక్కుతుంది. టరెట్ దగ్గర ఒకచోట మాత్రం లప్పం పెట్టాల్సి వచ్చింది, అంతే.

చక్రాల పని విసుగు పుట్టిస్తుంది. ఒక్కోవైపు ఆరు, ఒక్కోటీ జంట చక్రం. అంటే 24 రబ్బరు అంచులకి నల్లరంగు వేయాలి. అసలు చక్రం వ్యాసం 750 మిల్లీమీటర్లు, మన చేతిలో 21 మిల్లీమీటర్ల పైచిలుకు. స్టేషనరీ షాపులో దొరికే ఆకుపచ్చ ప్లాస్టిక్ సర్కిల్ టెంప్లేట్ తెచ్చుకోండి. ముందు చక్రమంతా రబ్బరు రంగు కొట్టి, టెంప్లేట్‌లో సరైన రంధ్రం దాని మీద పెట్టి మధ్యలో పచ్చరంగు కొడితే అంచు గీసినట్టు వస్తుంది. రబ్బరుకి కారునలుపు వద్దు, ముదురు బూడిద రంగే సహజంగా ఉంటుంది.

నాకు అసంతృప్తి మిగిల్చింది ట్రాకులు. వినైల్ ట్రాకు బెల్టులాంటిది, బిగించగానే సాగి బిర్రుగా, తిన్నగా ఉండిపోతుంది. అసలు టీ-72 ట్రాకు ఇనుప లింకుల బరువుకి, పైనున్న మూడు చిన్న రోలర్ల మధ్య కాస్త కిందికి జారి ఉంటుంది. ఆ జారుడు లేకపోతే ఎంత బాగా రంగు వేసినా బొమ్మలా కనిపిస్తుంది. అది చూపుకి సంబంధించిన లోటు. కాలం గడిచాక ఇంకోటి బయటపడింది. ముందూ వెనకా చక్రాల దగ్గర వంపు తిరిగేచోట రంగు సన్నగా పగిలి పెచ్చులు లేచింది. వినైల్ మెత్తగా ఉండటానికి కలిపే పదార్థం మెల్లగా బయటికి ఊరుతుంది, వేడి ప్రాంతాల్లో ఇంకా తొందరగా. కొన్ని కిట్లలో అది తగిలినచోట చక్రాల ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. నాకు అంతవరకూ రాలేదు గానీ, ట్రాకు విప్పబోతే రెండు చక్రాలకి అతుక్కుపోయి ఉంది. తర్వాత ప్లాస్టిక్ లింకులు ఒక్కోటీ విడిగా ఉండే ట్రాకు తెచ్చి వేశాను. సాయంత్రాలు బాగానే ఖర్చవుతాయి. కానీ సిమెంట్ పూర్తిగా ఆరకముందే చక్రాల మీద పరిచి, రోలర్ల మధ్య వేలితో తేలిగ్గా నొక్కితే ఆ జారుడు అచ్చం అసలుదానిలా వస్తుంది. గట్టు అంచుల మీద 6బీ పెన్సిల్ రుద్దితే నేల మీద అరిగిన ఇనుము మెరుపు వచ్చేస్తుంది. దీనికి ఏ ఖరీదైన మెటల్ రంగూ సాటి రాదు.

ఇప్పుడు రంగు. కిట్లు, రంగుల గురించి మనం చదివేదంతా చల్లటి దేశాలవాళ్లు రాసిందే. మినీ బైపాస్ రోడ్డులో కార్లకి రంగేసే షెడ్డు మేస్త్రీ ఒకాయన నాకు చెప్పిన ముక్క వాటన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. "వానొచ్చేట్టు ఉండాదన్నా. గాల్లో నెమ్ము ఉన్నప్పుడు గన్ను పట్టుకుంటే రంగు తెల్లబోతుంది" అన్నాడు. కారుకైనా 27 సెంటీమీటర్ల ట్యాంకుకైనా సూత్రం ఒకటే. లక్కర్ రకం థిన్నర్ చాలా వేగంగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడుతుంది. మన గాల్లో ఉన్న తేమ ఆ చల్లదనానికి అక్కడే నీరై, ఆరుతున్న రంగులో చిక్కుకుపోతుంది. పైన పాలపొర కప్పినట్టు కనిపిస్తుంది. మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్‌తో ఇది మరీ ప్రమాదం. ఎందుకంటే అది ఆఖరి పొర, కింద ఉన్న నెలల పని అంతా దాని చేతిలో ఉంటుంది.

నెల్లూరుకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ మూడు నెలలు అతికించడానికి, సానబెట్టడానికి వాడుకోండి. వార్నిష్ డబ్బా మూత తీయొద్దు. మే నెలలో కష్టం దీనికి పూర్తిగా తిరగబడుతుంది. పడమటి గాలి కొడుతుంటే ఎయిర్‌బ్రష్ (రంగుని గాలితో చిమ్మే చిన్న గన్ను) లోంచి వచ్చిన రంగు ట్యాంకుని చేరేలోపే గాల్లో ఆరిపోయి, చేత్తో తడిమితే గరుకుగా తగులుతుంది. సూది కొన మీద రంగు గడ్డకట్టి మధ్యమధ్యలో తుంపర్లు ఉమ్ముతుంది. నీటి ఆధారిత అక్రిలిక్‌లకి ఇది ఎక్కువ. రంగు ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ రెండు చుక్కలు కలిపితే కాస్త నయం. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా, మంచు విడిచాక తొమ్మిది నుంచి పన్నెండు మధ్య, ఇక్కడ రంగుకి దానికి మించిన వేళ లేదు. నా ట్యాంకుకి బేస్ కోట్, వార్నిష్ రెండూ ఆ రోజుల్లోనే పడ్డాయి. ఆ వినైల్ ట్రాకుల మీద తప్ప ఇప్పటికీ ఎక్కడా పొర లేవలేదు, తెల్లబడలేదు.

కంప్రెసర్ కొనేవాళ్లు గొట్టంలో మాయిశ్చర్ ట్రాప్ (గాలిలోని నీటిని పట్టే గాజు గిన్నె) ఉందో లేదో ముందు చూసుకోండి. ఉక్కపోత రోజుల్లో అరగంటలో గాజు గిన్నె అడుగున నీళ్లు కనిపిస్తాయి. అది లేకపోతే ఆ నీళ్లు మోడల్ మీద చుక్కలై పడతాయి. 0.3 మిల్లీమీటర్ల నాజిల్, 15 నుంచి 20 పీఎస్ఐ ఒత్తిడి సరిపోతుంది. ఫ్యాను ఆపి, కిటికీ తెరిచి, మంచి మాస్కు పెట్టుకుని కొట్టండి. మాస్కు విషయంలో రాజీ వద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ గదిలో అసలు కొట్టొద్దు.

సైన్యం పచ్చరంగుని సీసాలోంచి ఉన్నదున్నట్టు వేస్తే ఇంత చిన్న బొమ్మ మీద నల్లగా కనిపిస్తుంది. కాస్త తేలిక చేయాలి. తెలుపు కలిపితే సుద్దలా పాలిపోతుంది కాబట్టి, లేత ఇసుక రంగు కలపండి. నేను గ్రే ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పొర) మీద ముదురు పచ్చ కొట్టి, పలకల మధ్యభాగంలో ఇసుక కలిపిన పచ్చని పల్చగా, రెండు మూడు పొరలుగా వేశాను. ఆ తేడా దూరం నుంచి తెలియదు, దగ్గరికొస్తే ఇనుము బరువు తెలుస్తుంది. తర్వాత మెరిసే వార్నిష్ పొర, దాని మీద డికాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు, అంకెలు), ఆపైన బర్న్ట్ అంబర్ ఆయిల్ రంగుని పల్చగా చేసి బోల్టుల చుట్టూ, పలకల సందుల్లో వాష్, అంటే పల్చటి రంగుని పారించడం. ఆ మెరిసే పొర మానేస్తే డికాల్ కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. నావి ఇంకా రంగుతో కలిసిపోయినట్టే ఉన్నాయి.

మట్టి, మసి దగ్గర ట్యాంకు గురించి తెలిసుండటం పనికొస్తుంది. టీ-72 పొగగొట్టం ఎడమవైపు ఉంటుంది. కాబట్టి మసి ఎడమ ఫెండరు వెనకభాగం మీదే పట్టాలి. రెండు వైపులా నల్లగా పూసిన మోడల్స్ చాలా చూశాను, తెలిసినవాళ్లకి వెంటనే దొరికిపోతాయి. ఇన్‌ఫ్రారెడ్ సెర్చిలైటు టీ-72ఎం1 అనే తర్వాతి రకానికి ఫిరంగి కుడివైపు ఉంటుంది, తొలి రకాలకి ఎడమవైపు. ఏది కడుతున్నారో ముందే తేల్చుకోండి.

దుమ్ముకి పెన్నా ఇసుకని చీరగుడ్డలో జల్లించి, అడుగున మిగిలిన మెత్తని పొడిని వాడాను. చక్కగా కుదిరింది. సైదాపురం వైపు నుంచి తెచ్చిన ఎర్రమట్టి రంగు ఇంకా బాగుంటుంది గానీ, అందులో అభ్రకం ఉంది. బొమ్మ మీద ఆ తళుకులు కొట్టొచ్చినట్టు కనబడి స్కేలు చెడగొడతాయి. దాన్ని వాడకండి. వెనక అడ్డంగా కట్టే దుంగ, అంటే బురదలో దిగబడ్డప్పుడు ట్రాకుల కింద వేసి పైకి రావడానికి ఉంచుకునే దుంగ, కిట్‌లో ప్లాస్టిక్‌ది ఇస్తారు. దాన్ని పక్కన పెట్టండి. మైపాడు దారిలో సరుగుడు తోటల్లో రాలిన ఎండుపుల్ల ఒకటి తెచ్చుకుంటే చాలు. దాని బెరడు చీలికలు ఈ స్కేలుకి అచ్చుగుద్దినట్టు సరిపోతాయి. పుల్లని వాడేముందు బాగా ఎండబెట్టండి.

ట్రాకులు కాక, ఇన్నేళ్లకి దెబ్బతిన్నవి రెండే. యాంటెన్నా దుమ్ము దులిపినప్పుడల్లా విరుగుతుంది. స్ప్రూని (కిట్ ముక్కల్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ కాడ) దీపం మీద సాగదీసి చేసిన తీగ మన ఇళ్లలో ఆగదు. సన్నటి స్టీలు తీగ పెడితే ఉప్పుగాలికి తుప్పు పట్టి రంగులోంచి బయటపడింది. ఇప్పుడున్నది నైలాన్ బ్రష్ పోచ, వంగుతుంది గానీ విరగదు. రెండోది ఫెండరు అంచుకి అతికించిన ఇత్తడి ముక్క, వేసవిలో ఊడింది. ప్లాస్టిక్, లోహం వేడికి ఒకేలా వ్యాకోచించవు కాబట్టి ఆ అతుకుకి ఎపాక్సీ జిగురు మేలు. బీరువాని పడమటి కిటికీకి ఎదురుగా పెట్టకండి. లోపల నాలుగు సిలికా జెల్ పొట్లాలు పడేసి, దుమ్ముకి మెత్తటి మేకప్ బ్రష్ వాడండి.

ఖర్చు సంగతికొస్తే, కిట్‌కి పెట్టింది తక్కువే. ఎయిర్‌బ్రష్, కంప్రెసర్, రంగులు, విడి ట్రాకులు కలిపితే దానికి కొన్ని రెట్లయింది. మొదటిసారి కడుతున్నవాళ్లు ఇవన్నీ ఒక్కసారే కొననక్కర్లేదు. ప్రైమర్, ఒక పచ్చ, ఒక ఇసుక రంగు, వాష్ ఉంటే స్ప్రే డబ్బాతో, బ్రష్‌తో కూడా మంచి టీ-72 వస్తుంది. ట్రాకుల వల్ల ఐదుకి నాలుగే ఇస్తున్నాను. ఎవరైనా పాత కిట్ చౌకగా ఇస్తానంటే, డికాల్ కాగితం పసుపెక్కిందని వదులుకోకండి. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కిటికీ అద్దానికి ఎండ పడేలా కొన్నాళ్లు అంటించి ఉంచితే తెల్లబడుతుంది. ఆ పనికి మాత్రం మే నెలే మంచిది.