రూత్‌వెల్ చర్చిలో రాతి శిలువ, టార్చ్ మర్చిపోకండి

స్కాట్లాండ్ వెళ్లినవాళ్లంతా ఎడిన్‌బరో చూసేసి పైకి కొండల వైపు పోతారు, డంఫ్రీస్ దగ్గర రూత్‌వెల్ అనే చిన్న ఊరు ఎవరికీ పట్టదు. కానీ అక్కడి చర్చిలో ఎనిమిదో శతాబ్దపు రాతి శిలువ ఉంది. అప్పట్లో ఈ ప్రాంతమంతా ఆంగ్లో సాక్సన్ల (అంటే తొలినాటి ఇంగ్లీషువాళ్ల) నార్తంబ్రియా రాజ్యం కింద ఉండేది, అందుకే ఇప్పుడు స్కాట్లాండ్‌లో ఉన్నా ఇది వాళ్ల పనే. ఎత్తు దాదాపు 5.5 మీటర్లు. 1887లో చర్చి లోపలికి తెచ్చినప్పుడు దీనికోసం విడిగా చోటు కట్టి, నేలని కూడా కిందికి దింపి గుంటలో నిలబెట్టారు. దానివల్ల ఒక లాభం, మామూలుగా తలెత్తి చూడాల్సిన బొమ్మలు మన కళ్లకి దగ్గరగా వస్తాయి, అడుగున ఉన్నవి మాత్రం వంగి చూసుకోవాలి.

ముందు యేసు పాదాల దగ్గరున్న ఆవిడ బొమ్మ చూడండి. జుట్టుతో పాదాలు తుడుస్తుంటుంది, ఆ చెయ్యి మిగతా ఒంటికి అస్సలు పొంతన లేనంత లావు, అయినా చూపు అక్కడే ఆగిపోతుంది. పక్క ముఖాల మీద ద్రాక్షతీగ, దాంట్లో పళ్లు తింటున్న పక్షులు, జంతువులు, ఆ తీగ అంచుల వెంబడి రూన్ అక్షరాలు, అంటే వాళ్ల పాతకాలపు లిపి. టార్చ్‌ని ఎదురుగా కాకుండా పక్కనుంచి వేస్తేనే గీతలు తేలతాయి. ఆ రాత ఒక పద్యం, అందులో మాట్లాడేది శిలువే, రాజుని (అంటే యేసుని) నేను మోశాను, వంగే ధైర్యం చెయ్యలేదు అంటుంది. ఇదే పద్యం ఇంకా పెద్దదిగా ఇటలీలోని వెర్చెల్లీలో పదో శతాబ్దపు చేతిరాత పుస్తకంలో ఉంది!

ఇది విగ్రహారాధన అని 1642లో ముక్కలు చేశారు. తర్వాత ఆ ముక్కలు ఏరి మళ్లీ నిలబెట్టింది ఇక్కడి పాస్టర్ హెన్రీ డంకన్, 1810లో ఇదే ఊళ్లో పేదల కోసం పొదుపు బ్యాంకు పెట్టినాయన కూడా ఈయనే. అసలు అడ్డదూలం దొరక్క 1823లో కొత్తది చేయించాడు, అది చూడగానే తెలిసిపోతుంది, నాకైతే ఖాళీగా వదిలేసినా బాగుండేది అనిపించింది. ఆ అరమార్కు తీసేసి ఐదుకి నాలుగున్నర.

కారుంటే బోర్డర్ దాటి ఇంగ్లాండ్‌లో, కంబ్రియాలోని బ్యూకాజిల్ కూడా కలుపుకోండి. అక్కడి శిలువకి తల లేదు, ఇప్పటికీ చర్చి బయట వానలోనే ఉంది, దాని మీద చెక్కిన ఎండ గడియారం కూడా ఉంది.