లోకల్ ప్రీచర్ శిక్షణ: ఓపిక ఉన్నవాళ్లకే

బ్రిటన్ మెథడిస్టు సంఘం లోకల్ ప్రీచర్లకు, అంటే పాదిరీలు కాకపోయినా ఆరాధన నడిపి ప్రసంగించే సభ్యులకు, ఇచ్చే శిక్షణ నెమ్మదిగా సాగుతుంది. దాని బలమూ అదే. ముందు ‘ఆన్ నోట్’ దశ: అనుభవమున్న ప్రసంగీకుడితో కలిసి ప్రార్థనో, వాక్య పఠనమో, ప్రసంగంలో కొంత భాగమో చేయాలి. తర్వాత ‘ఆన్ ట్రయల్’. ఆరాధన అంతా మీదే. విన్నవాళ్ల నివేదిక ప్రీచర్ల సమావేశానికి వెళ్తుంది.

చాలామంది తడబడేది ప్రసంగంలో కాదు, పోర్ట్‌ఫోలియోలో, అంటే శిక్షణలో చేసిన పనిని నమోదు చేసే ఫైలులో. ఆరాధన క్రమం, ప్రార్థనలు, వచ్చిన విమర్శ ఆ వారమే రాసిపెట్టుకోకపోతే ఆర్నెల్లకు గుర్తుండవు. (18వ శతాబ్దంలో తొలితరం మెథడిస్టు ప్రసంగీకుడు థామస్ మ్యాక్స్‌ఫీల్డ్‌కు ఈ తిప్పల్లేవు. అనుమతి లేకుండానే ప్రసంగించాడు. ఆపబోయిన మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీకి తల్లి సుసన్నాయే నచ్చజెప్పిందంటారు.)

సొంత సంఘంలో ఆరాధన నడిపితే చాలనుకునేవాళ్లకు వర్షిప్ లీడర్ బాధ్యత సరిపోతుంది. సర్క్యూట్ (చుట్టుపక్కల సంఘాల సమూహం) అంతా తిరిగి ప్రసంగించాలంటే మాత్రం ఇదే దారి.