జూలైలో మారినర్స్: కొనడం మేలా, అమ్మడం మేలా?

జూలై వచ్చిందంటే మా బావకూ నాకూ మాటామాటా పెరుగుతుంది. ఆస్తి తగాదా కాదు, సియాటిల్ మారినర్స్ తగాదా.

బేస్‌బాల్ సీజన్‌లో ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. మార్చి చివర్లో మొదలైతే సెప్టెంబర్ చివరిదాకా దాదాపు రోజూ ఆటే. సగం దాటాక, ఆల్‌స్టార్ విరామం కూడా అయ్యాక, జూలై నెలాఖరుకో ఆగస్టు తొలిరోజుల్లోనో ట్రేడ్ డెడ్‌లైన్ వస్తుంది. ఇతర జట్లతో ఆటగాళ్ళను మార్చుకోవాలంటే ఆ లోపే. తర్వాత ఉన్నవాళ్ళతోనే నెట్టుకురావాలి. మా ఐపీఎల్ బుర్రలకు ఇది మొదట్లో ఎక్కలేదు. సన్‌రైజర్స్ సీజన్ మధ్యలో తమ బెస్ట్ బౌలర్‌ను తీసుకెళ్ళి, ఆ రోజు ఆడబోయే ఎదుటి జట్టుకే ఇచ్చేస్తే ఉప్పల్ స్టేడియంలో ఏం జరుగుతుందో ఊహించుకోండి. ఇక్కడ సరిగ్గా అదే జరిగింది. ఆ కథకు వస్తాను.

బావ అమ్మకం పార్టీ. "ప్లేఆఫ్స్‌కు వెళ్తామో లేదో తెలీనప్పుడు, రేటు పలికేవాణ్ణి అమ్మేసి నలుగురు కుర్రాళ్ళను తెచ్చుకోవాలిరా" అంటాడు. షేర్లలోనూ అంతే, కొన్న రేటు మీద నాలుగు డాలర్లు వస్తే అమ్మేదాకా నిద్రపోడు. నాది కొనుగోలు పార్టీ. మారినర్స్ యాజమాన్యం ఒక్కో ఏడాది ఒక్కోవైపు ఉంటుంది, కొన్నేళ్ళు ఒకేసారి రెండువైపులా ఉంటుంది. 2021 నుంచి 2025 దాకా అయిదు జూలైలు చూశాక నా లెక్క తేలిపోయింది. బావ లెక్క ఇంకా తేలలేదు.

ఆ అయిదేళ్ళూ ఎలా ముగిశాయో చూస్తే తగాదా ఎక్కడుందో తెలుస్తుంది. మారినర్స్ 2021లో 90 మ్యాచ్‌లు గెలిచారు, 2022లో 90, 2025లో మళ్ళీ 90. మొదటిసారి ఆ 90 చాలక ఇంటికొచ్చారు, రెండు మ్యాచ్‌ల తేడా. రెండోసారి వైల్డ్ కార్డ్, అంటే డివిజన్ గెలవని జట్లకు ప్లేఆఫ్స్‌లో ఇచ్చే చోటు, దక్కింది. మూడోసారి ఏకంగా డివిజన్‌కే, అంటే మా ప్రాంతపు జట్ల గుంపుకే, విజేతలు. మధ్యలో 2023లో 88, 2024లో 85. ఆ రెండేళ్ళూ ప్లేఆఫ్స్ పోయింది ఒక్క మ్యాచ్ తేడాతోనే. ఒక్కటంటే ఒక్కటి! ఏప్రిల్‌లో ఏదో చలిరాత్రి చేజారిన మ్యాచ్‌ను తలుచుకుని అక్టోబర్‌లో తిట్టుకునే జాతి మాది. వంద గెలిచే జట్టుకైతే జూలైలో ఎవరు వచ్చినా పెద్ద తేడా ఉండదు, డెబ్భై గెలిచే జట్టుకు ఎవరు వచ్చినా లాభం లేదు. మాది ఎప్పుడూ ఆ గట్టు మీద నడక. ఒక్క మంచి బ్యాటర్ ఎక్కువా తక్కువా అన్నదాని మీదే ఏడాదంతా ఆధారపడుతుంది.

ఇక 2021 కథ. జూలై 26, సోమవారం. సొంతగడ్డ మీద హ్యూస్టన్ ఆస్ట్రోస్‌తో మ్యాచ్. మా డివిజన్‌లో పెద్దన్న వాళ్ళు. 0-7తో వెనకబడి ఉన్నాం. బావ టీవీ కట్టేసి పడుకున్నాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బేస్‌లు మూడూ నిండి ఉండగా డిలన్ మూర్ బంతిని కంచె దాటించాడు. కంచె దాటితే హోమ్ రన్, బేస్‌లు నిండి ఉండగా దాటితే గ్రాండ్ స్లామ్. 11-8తో గెలిచాం. ఆ రాత్రి ఇదే మా ఏడాది అనిపించింది. తెల్లారేసరికి వార్త: మా క్లోజర్, అంటే చివరి ఇన్నింగ్స్‌లో వచ్చి మ్యాచ్ ముగించే పిచర్ (మన బౌలర్ లాంటివాడు), కెండల్ గ్రేవ్‌మన్‌ను అమ్మేశారు. ఎవరికి? హ్యూస్టన్‌కే. అతని ఈఆర్ఏ అప్పటికి 0.82, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఒక్క పరుగు కూడా ఇవ్వనివాడు. అదే స్టేడియంలో ఒక డ్రెస్సింగ్ రూమ్ నుంచి సామాను సర్దుకుని రెండోదానికి నడిచి వెళ్ళాలి, అంతే దూరం. మా ఆటగాళ్ళ కోపం ఆ రోజు పేపర్లన్నిటికీ ఎక్కింది.

బావ మాత్రం ఈ కథను తన వైపు సాక్ష్యంగానే చెబుతాడు, అందులో కొంత న్యాయం ఉంది. బదులుగా వచ్చిన ఏబ్రహం టోరో సోమవారం హ్యూస్టన్ తరఫున మా మీద హోమ్ రన్ కొట్టాడు, మంగళవారం మా తరఫున హ్యూస్టన్ మీద కొట్టాడు. ఆగస్టు 31న అదే గ్రేవ్‌మన్ బంతిని గ్రాండ్ స్లామ్ కొట్టి 4-0తో గెలిపించాడు. సినిమాలో పెడితే ఎవరూ నమ్మరు. పైగా రెండు రోజుల్లోనే టాంపా బే నుంచి డియేగో కస్తీయో అనే ఇంకో క్లోజర్‌ను తెచ్చారు కూడా. ఒక చేత్తో అమ్మి ఇంకో చేత్తో కొన్నారన్నమాట. లెక్కల్లో చూస్తే నష్టం లేని బేరమే. కానీ ఆఖరి రోజు దాకా ఈడ్చి, రెండు మ్యాచ్‌ల తేడాతో పోయింది. ఆ సోమవారం రాత్రి ఊపు బుధవారానికి ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకు లెక్కల్లో జవాబు దొరకదు, అందుకే బావ దాన్ని లెక్కలోకి తీసుకోడు.

2023లో అలాంటి అనుమానానికి చోటే లేదు. జూలై 31న అప్పటి క్లోజర్ పాల్ సీవాల్డ్‌ను అరిజోనాకు ఇచ్చి జోష్ రోహాస్, డొమినిక్ కాన్‌జోన్, రయన్ బ్లిస్‌లను తెచ్చారు. చిత్రమేమిటంటే ఆ ఆగస్టులో జట్టు రెచ్చిపోయింది: 21 గెలుపులు, 6 ఓటములు. హూలియో రోడ్రిగెజ్ వరసగా నాలుగు మ్యాచ్‌ల్లో 17 హిట్లు కొట్టాడు, ఇంతకుముందు ఎవరూ చేయనిది. "చూశావా, అమ్మినా ఏం కాలేదు" అని బావ ఆ నెలంతా నా చెవి కొరికాడు. సెప్టెంబర్‌లో చతికిలపడ్డాం. టొరంటోకు 89 గెలుపులు, మాకు 88. సీవాల్డ్ మాత్రం అరిజోనాతో కలిసి వరల్డ్ సిరీస్‌కు, అంటే ఫైనల్‌కు, వెళ్ళాడు, అదీ 84 మాత్రమే గెలిచిన జట్టుతో. ఆ సీజన్ అయ్యాక మా బేస్‌బాల్ వ్యవహారాల పెద్ద జెర్రీ డిపోటో ప్రెస్‌మీట్‌లో, పదేళ్ళ సగటున 54 శాతం మ్యాచ్‌లు గెలవడం లక్ష్యం అన్న అర్థంలో మాట్లాడి ఊరంతటి చేతా తిట్లు తిన్నాడు. 162లో 88 అంటే 54 శాతం పైచిలుకే. లక్ష్యం నెరవేరింది, ప్లేఆఫ్స్ పోయింది.

సరే, కొన్న ఏడాదల్లా గెలిచామా అంటే అదీ లేదు. 2024 నా వాదనకు పెద్ద దెబ్బ. జూన్ 18 నాటికి డివిజన్‌లో పది మ్యాచ్‌ల ఆధిక్యం. నెల తిరిగేసరికి మొత్తం ఆవిరి. పిచింగ్ బంగారం, బ్యాటింగ్ ఇత్తడి. ఆ ఏడాది అందరికంటే ఎక్కువసార్లు స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లకు అవుట్) అయింది మనవాళ్ళే. ఆధిక్యం పోయాక, జూలై 26 ప్రాంతంలో రాండీ అరోజరేనాను, తర్వాత జస్టిన్ టర్నర్‌ను తెచ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఆగస్టు 22న మేనేజర్ స్కాట్ సర్వీస్‌ను కూడా పంపేసి డాన్ విల్సన్‌కు అప్పగించారు. 85 గెలుపులు. కాన్సస్ సిటీ, డెట్రాయిట్‌లకు చెరో 86.

అంటే కొనడం ఒక్కటే కాదు, ఎప్పుడు కొన్నామన్నదీ లెక్కే. 2025లో అది కుదిరింది. ఆల్‌స్టార్ విరామానికి మేం 51-45 (51 గెలుపులు, 45 ఓటములు), హ్యూస్టన్ 56-40. అయిదు మ్యాచ్‌ల వెనక. బావ యథాప్రకారం "ఈసారి కూడా మధ్యలోనే ఉన్నాం, అమ్మేస్తే పోలా" అన్నాడు. జూలై 24నే, డెడ్‌లైన్‌కు వారం ముందే, అరిజోనా నుంచి జాష్ నేలర్ వచ్చాడు. ఫస్ట్ బేస్‌లో ఎంతో కాలంగా ఉన్న లోటు అది. డెడ్‌లైన్ ముంగిట మళ్ళీ అరిజోనా నుంచే యూహేనియో స్వారెజ్. అతను 2022, 2023లలో మా దగ్గరే ఉండేవాడు. ఆ తర్వాత మేమే అరిజోనాకు పంపేశాం, మళ్ళీ మేమే తెచ్చుకున్నాం.

నేలర్‌ను మొదటిసారి స్టేడియంలో చూసినప్పుడు మా నాన్న కూడా ఉన్నారు. తెనాలి నుంచి వచ్చి రెండు నెలలైంది. టీ-మొబైల్ పార్క్‌లో వేయించిన మిడతలు అమ్ముతారు. పొట్లం ముందు పెడితే వాసన చూసి పక్కకు నెట్టి, పాప్‌కార్న్ తింటూ కూర్చున్నారు. నేలర్ బరువైన మనిషి, పరుగులో లీగ్‌లోనే బాగా వెనకబడ్డవాళ్ళలో ఒకడు. ఫస్ట్ బేస్ మీద ఏదో ఆలోచనలో ఉన్నవాడిలా నాలుగడుగులు పక్కకు వేసి నిలబడ్డాడు. పిచర్ కాలెత్తిన క్షణంలో కదిలాడు. మట్టి లేచింది, అంపైర్ చేతులు చాచాడు: సేఫ్. "ఏమైందిరా?" అన్నారు నాన్న. "బేస్ దొంగిలించాడు నాన్నా, బ్యాటర్ కొట్టకుండానే తర్వాతి బేస్‌కు పరుగెత్తాడు." "ఇంత లావు దొంగను ఎక్కడా చూళ్ళేదు" అన్నారు. మా జట్టుకు ఆడిన 54 మ్యాచ్‌ల్లో ఆ లావు దొంగ 19 బేస్‌లు దొంగిలించాడు. వేగంతో కాదు, పిచర్‌ను చదివి.

స్వారెజ్ దానికి పూర్తిగా తలకిందులు. 13 హోమ్ రన్లు కొట్టాడు గానీ సగటు .189, అంటే అయిదు ప్రయత్నాలకు ఒక్క హిట్ కూడా లేనట్టే. సెప్టెంబర్ దాకా బావ నాకు రోజూ ఆ సగటే వాట్సాప్ చేసేవాడు. విరామం తర్వాత మేం 39-27, హ్యూస్టన్ 31-35. సెప్టెంబర్‌లో వాళ్ళ ఊళ్ళోనే మూడుకు మూడు గెలిచి డివిజన్ లాక్కున్నాం, 2001 తర్వాత మొదటిసారి. కాల్ రాలీ 60 హోమ్ రన్లు కొట్టాడు, క్యాచర్ ఎవరూ అంత దూరం వెళ్ళలేదు. కాబట్టి ఘనతంతా ట్రేడ్‌దే అనను. క్రికెట్‌లో వికెట్‌కీపర్ ఆరెంజ్ క్యాప్ కొట్టినట్టు అది.

ఇదే బేరాన్ని అటువైపు నుంచి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. నేలర్, స్వారెజ్ ఇద్దరి కాంట్రాక్టులూ ఆ ఏడాదితో అయిపోతాయి, ఎలాగూ పోతారని అరిజోనా అమ్మేసింది. పద్ధతి ప్రకారం తప్పు లేదు, బావ అయినా అదే చేస్తాడు. తీరా సీజన్ ముగిసేసరికి వాళ్ళు 80-82, ఆఖరి వైల్డ్ కార్డ్ దక్కిన సిన్సినాటి 83-79. మూడు మ్యాచ్‌లు! ఆ ఇద్దరూ ఉండి ఉంటే అని అరిజోనాలో ఎందరు అనుకుని ఉంటారో.

కొనుగోలులో ఖర్చు లేదని కాదు. 2022లో సిన్సినాటి నుంచి లూయిస్ కస్తీయోను తేవడానికి నలుగురు కుర్రాళ్ళను ఇచ్చారు, వాళ్ళలో నోయెల్వీ మార్టే, ఎడ్విన్ అర్రోయో మా జాబితాలో ముందున్నవాళ్ళు. ఈ సంగతి బావ చెబుతుంటే విని నాన్న, "విత్తనాల వడ్లు వండుకు తింటార్రా ఎవరైనా?" అన్నారు. వ్యవసాయం తెలిసిన మనిషి, కాదనలేం. కానీ 2025లో గాదె నిండుగా ఉంది. కోల్ట్ ఎమర్సన్ లాంటి మేలురకం గింజ ఒక్కటీ ముట్టుకోకుండా, పై పొరలో ఉన్నవి ఇచ్చి నేలర్‌ను తెచ్చారు. ఆ కస్తీయో కూడా ఊరికే రాలేదు. 2022 వైల్డ్ కార్డ్ మొదటి మ్యాచ్‌లో టొరంటోలో ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా ఒక్క పరుగు ఇవ్వకుండా నిలబడ్డాడు.

ఇక్కడే రెండో పోలిక. జూలైలో ఆశపడితే దేనికి ఆశపడాలి, వైల్డ్ కార్డ్‌కా, డివిజన్‌కా? ఇప్పటి పద్ధతిలో రెండు లీగ్‌లలో ఒక్కోదాని నుంచి ఆరు జట్లు ప్లేఆఫ్స్‌కు వెళ్తాయి, ముగ్గురు డివిజన్ విజేతలు, ముగ్గురు వైల్డ్ కార్డ్‌లు. మొదటి ఇద్దరు విజేతలకు తొలి రౌండ్ ఆడే పని లేదు. మిగతావాళ్ళు మూడు మ్యాచ్‌ల సిరీస్ ఆడాలి, అదీ మొత్తం పై ర్యాంకు జట్టు ఊళ్ళోనే. 2025లో 94 గెలిచిన న్యూయార్క్ యాంకీస్ వైల్డ్ కార్డ్ రౌండ్ ఆడారు, 90 గెలిచిన మేం ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నాం. అన్యాయమే, కానీ మనకు అనుకూలమైన అన్యాయం. గెలుపులు సమానమైతే ఒకప్పటిలా అదనపు మ్యాచ్ కూడా లేదు, ముఖాముఖి రికార్డే. హ్యూస్టన్, డెట్రాయిట్ చెరో 87తో ముగిస్తే డెట్రాయిట్ వెళ్ళింది, హ్యూస్టన్ ఆగిపోయింది. నేను కొంచెం నవ్వుకున్నాను.

2022లో 21 ఏళ్ళ నిరీక్షణ తీరింది, సంతోషమే. కానీ వైల్డ్ కార్డ్‌తో వెళ్ళడంతో సియాటిల్‌లో ప్లేఆఫ్ మ్యాచ్ చూడ్డానికి తర్వాతి రౌండ్ మూడో మ్యాచ్ దాకా ఆగాల్సొచ్చింది. అప్పటికే 0-2. అక్టోబర్ 15న 18 ఇన్నింగ్స్, ఆరు గంటలకు పైగా ఆట, మావాళ్ళు ఒక్క పరుగూ చేయలేదు. చివరికి హ్యూస్టన్ ఆటగాడు జెరెమీ పెన్యా హోమ్ రన్, 0-1. రెండు దశాబ్దాలు ఎదురుచూస్తే వచ్చిన ఒకే ఒక్క సొంత మ్యాచ్ అది. 2025లో డెట్రాయిట్‌తో అయిదో మ్యాచ్ కూడా అలాగే సాగింది, 15 ఇన్నింగ్స్. కానీ మా ఊళ్ళో, మావాళ్ళే చివర బ్యాటింగ్. హోర్హే పొలాంకో హిట్‌తో 3-2. ఆ రెండు రాత్రులూ చూసినవాడెవడూ వైల్డ్ కార్డ్ అయినా చాల్లే అనడు. కాబట్టి జూలైలో అయిదు మ్యాచ్‌ల వెనక ఉన్నా నా కన్ను డివిజన్ మీదే ఉంటుంది.

తర్వాత టొరంటోతో ఏడు మ్యాచ్‌ల సిరీస్. సగటు .189 అని రోజూ మెసేజ్ వచ్చిన ఆ స్వారెజ్, అయిదో మ్యాచ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో గ్రాండ్ స్లామ్ కొట్టాడు. బావ నుంచి మెసేజ్ లేదు, నేరుగా ఫోనే వచ్చింది, అటునుంచి అరుపులు తప్ప మాటలు లేవు. ఆరో మ్యాచ్ పోయింది. అక్టోబర్ 20న ఏడో మ్యాచ్‌లో 3-1తో ముందుండగా జార్జ్ స్ప్రింగర్ కొట్టిన ఒక్క దెబ్బకు 3-4. వరల్డ్ సిరీస్ గడప ఎప్పుడూ తొక్కని ఒకే ఒక్క జట్టుగా మేమే మిగిలాం.

"ఏం బావా, జూలైలో అమ్మేసి ఉంటే బాగుండేదా?" అని అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత, "నేలర్‌ను ఉంచుకుంటారంటావా?" అన్నాడు.

నవంబర్‌లో నేలర్ అయిదేళ్ళ కాంట్రాక్టుకు ఒప్పుకున్నాడన్న వార్త నాకంటే ముందు బావే పంపించాడు.