నీరు చొరని బూట్లు, కుమార పర్వతం దారి: నాలుగేళ్ల వాడకం తర్వాత

నాలుగేళ్ల కిందట బెంగళూరులో దాదాపు 6,000 రూపాయలు పెట్టి ఈ ట్రెక్కింగ్ బూట్లు కొన్నాను. ఇవి చీలమండ దాకా కప్పే రకం, లోపల నీటిని రానివ్వని పొర ఉన్నవి. కంపెనీ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఈ పద్ధతిలో బూట్లు తయారుచేసేవారు చాలామంది ఉన్నారు, నా అనుభవం వాటిలో చాలావాటికి వర్తిస్తుందనే అనుకుంటున్నాను. సెలవు దినాల్లో బెంగళూరు దగ్గరి సావనదుర్గ బండల మీద, స్కందగిరి బాటలో ఇవే వేసుకుని తిరిగాను, అక్కడ వీటిని వేలెత్తి చూపే అవసరం రాలేదు. నిజానికి ఎండిన రాతి మీద చాలా బూట్లు మంచివిగానే కనిపిస్తాయి. వీటి గుణదోషాలు తేలింది కర్ణాటకలోని కుక్కె సుబ్రహ్మణ్య నుంచి కుమార పర్వతం ఎక్కి ఆ రోజే దిగివచ్చిన రెండు ప్రయాణాల్లో. మొదటిది బూట్లు కొన్న కొత్తలో, రెండోది మొన్న అక్టోబరు నెలాఖరులో.

మనవాళ్లలో ఎక్కువమందికి కుక్కె అంటే సర్పసంస్కారం చేయించుకునే క్షేత్రంగానే తెలుసు. ఆ ఊరి నుంచి మొదలయ్యే కాలిబాట పుష్పగిరి వన్యప్రాణి అభయారణ్యంలో 1,712 మీటర్ల ఎత్తున్న శిఖరానికి చేరుతుంది. రాను పోను సుమారు 26 కిలోమీటర్లు, అందులో 1,500 మీటర్లకు పైగా నిలువు ఎక్కుడు. పైన రాత్రి బస చేయనివ్వరు కనుక తెల్లవారుతుండగానే బయలుదేరాలి. అలిపిరి 3,550 మెట్లు ఆగకుండా ఎక్కినవాడినన్న నా ధీమా ఇక్కడ మొదటి గంటలోనే సడలిపోయింది, ఎందుకంటే ఈ దారిలో మెట్లు లేవు, చెట్ల వేళ్లూ తడి రాళ్లూ తప్ప.

దారిలో భోజనం దొరికే ఇల్లు భట్టర మనె దాకా ఉన్న మొదటి ఆరు కిలోమీటర్లు దట్టమైన అడవి. వర్షాలు అప్పుడప్పుడే తెరిపిచ్చిన ఆ రోజుల్లో ఆకు కదలదు, చెమట ఆరదు, చొక్కా ఒంటికి అతుక్కునే ఉంటుంది. బూట్ల లోపల సంగతి కూడా అంతే. ఈ పొర బయటి నీటిని ఆపి లోపలి ఆవిరిని వదులుతుందని డబ్బా మీద రాసి ఉంది. అది అబద్ధం కాదు గానీ, లోపలి ఆవిరి బయటి గాలిలోని ఆవిరికంటే బాగా ఎక్కువగా ఉన్నప్పుడే పొర గుండా బయటికి పోతుంది. బయటి గాలే తడితో నిండి ఉన్నప్పుడు పోవడానికి దానికి దారి ఎక్కడిది? భట్టర మనెలో బూట్లు విప్పి మేజోళ్లు పిండితే చెమట ధారగా కారింది, ఆ ఉదయం వాన చినుకు పడనే లేదు. అరికాళ్లు బట్టలుతికిన చేతుల్లా తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. అలా నానిన చర్మమే తర్వాత బొబ్బలెక్కుతుంది. (అక్కడి అన్నం, సాంబారు, ఉప్పు వేసిన మజ్జిగ గురించి వేరే సమీక్ష రాయవచ్చు.) ఇక జలగల విషయంలో ఈ పొర ఉన్నా లేనట్టే. అవి బూటు అంచు మీదుగా పాకి లోపలికి దిగుతాయి, మోకాలి దాకా వచ్చే, దగ్గరగా నేసిన జలగల మేజోళ్లే వాటికి అడ్డు.

అడవి దాటాక గడ్డి కొండలు, కల్లు మంటపం అనే రాతి మండపం, శేష పర్వతం. అక్కడ నీడ లేదు, గాలి ఉంది, బూట్లు కొంత ఆరాయి. శేష పర్వతం నుంచి ఒక చిన్న చీకటి అడవిలోకి దిగి, నీళ్లు జారే ఏటవాలు బండ ఎక్కితేనే శిఖరం. మొదటి ప్రయాణంలో ఆ బండ మీద ఈ బూట్ల పట్టుకు నేను ముగ్ధుడినయ్యాను, ఒక్క అడుగు కూడా జారలేదు. నాలుగేళ్లలో మడమ దగ్గరి గాడులు అరిగి నున్నబడ్డాయి. రెండోసారి అదే బండను చేతులు ఆనించి ఎక్కాను.

దిగుడు మాత్రం రెండుసార్లూ బాధించింది. సరిగ్గా సరిపోయే కొలత కొనడం నా పొరపాటే. ఏటవాలులో వేళ్లు ముందుకు తోసుకుని గంటల తరబడి బూటు కొసకు తగిలాయి, బొటనవేలి గోరు నల్లబడి నెల తర్వాత ఊడిపోయింది.

రెండోసారి దానికి మించినదే జరిగింది. శేష పర్వతం దిగుతుండగా కుడి బూటు అడుగు మడమ దగ్గర నోరు తెరిచింది, చూస్తుండగానే సగం దాకా ఊడి చప్పట్లు కొట్టసాగింది. అదనంగా తెచ్చుకున్న లేసుతో కట్టాను, రాళ్లకు ఒరుసుకుని అది రెండుసార్లు తెగింది. చివరికి భట్టర మనెలో పురికొస అడిగి తీసుకుని, దాన్ని నాలుగు చుట్లు బిగించి కుక్కె చేరాను. ఊడిన చోట, అడుగుకూ పాదానికీ మధ్య ఉండే మెత్తటి పొర గట్టిగా రుద్దితే పిండిలా రాలింది. ఆ మెత్తటి పొర పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ నురుగుతో చేసినదైతే, వాడినా వాడకపోయినా గాలిలోని తేమకు ఏళ్ల మీద విరిగిపోతుంది. ఆ ముందటి వానాకాలమంతా నేను వీటిని డబ్బాలో మూసి అటక మీద పెట్టాను. కంపెనీకి రాస్తే వారంటీ గడువు దాటిందని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. తేమకు ఇలా పాడవుతుందని అమ్మేటప్పుడే ఒక చీటీ మీద రాసి ఉంటే నాకీ ఫిర్యాదు ఉండేది కాదు.

నీరు చొరనివ్వదన్న మాట కూడా రెండేళ్లే నిలిచింది, వేళ్ల దగ్గర మడతపడే చోట పొర చిట్లి తడి లోపలికి రావడం మొదలైంది. చీలమండకు ఆసరా, తొలి రెండేళ్ల పట్టు కలిపి ఐదుకు మూడు ఇస్తాను. చలి ప్రదేశాలకు, మంచులో నడవడానికి కొనేవారికి ఇంకా ఎక్కువే ఇవ్వవచ్చు. పశ్చిమ కనుమల తడి అడవులకైతే మళ్లీ కొనను.

ఇప్పుడు వాడుతున్నవి ఒక అంకె పెద్ద కొలతలో తీసుకున్న పొట్టి జాలీ బూట్లు. వాగులో దిగితే వెంటనే తడుస్తాయి, ఒడ్డెక్కి నడుస్తుంటే నీళ్లన్నీ అడుగు అడుగుకూ బయటికి పోతాయి. అటక మీద కాకుండా గాలి తగిలేలా తలుపు పక్కనే పెడుతున్నాను, ఇంట్లో వాళ్లకు అది నచ్చకపోయినా.