కొత్త కాలిపర్లు బాగానే ఉన్నాయి, ఎడమది ఎడమకే వేస్తే

ముందు చక్రాలకి కొత్త కాలిపర్లు (ఆయిల్ ఒత్తిడితో పిస్టన్ కదిలి ప్యాడ్లని డిస్క్‌కి అదిమే బ్రేకు భాగాలు) వేయించి ఏడాది దాటింది. కంపెనీవి కావు, బయట మార్కెట్లో దొరికే రకం, ధర దాదాపు సగం. మా హ్యాచ్‌బ్యాక్‌కి పదేళ్లు పైబడ్డాయి. పాత కాలిపర్‌లో పిస్టన్ తుప్పుపట్టి బిగుసుకుపోవడంతో బ్రేక్ వేస్తే బండి ఒక పక్కకి లాగేది. ఇవి వేశాక ఆ లాగుడు పోయింది. ఆ మంచి మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే కింద రాసేది చాలావరకు కోపమే.

రెండింటిలో ఏది ఎడమదో ఏది కుడిదో చెప్పే గుర్తు పెట్టె మీదా లేదు, కాలిపర్ మీదా లేదు. పైగా ఏ వైపు పెట్టినా బోల్టులు చక్కగా పట్టేస్తాయి. తయారుచేసినవాళ్లకి ఒక్క అక్షరం గుద్దడానికి ఏం ఖర్చవుతుందో నాకు అర్థం కాదు.

వేయించిన రోజు నుంచే పెడల్ స్పాంజిలా తయారైంది. సగం దాకా ఉత్తినే దిగుతుంది, రెండు మూడుసార్లు పంపింగ్ చేస్తే పైకొస్తుంది. "కొత్త ప్యాడ్లు కదా సార్, సెట్ అవుతాయి" అన్నాడు మెకానిక్. ప్యాడ్లు డిస్క్‌కి కుదురుకోవడానికి కొంత టైం పట్టే మాట నిజమే. కానీ అప్పుడు తగ్గేది పట్టు, పెడల్ ఇలా జారిపోదు. మళ్ళీ వెళ్తే ఎయిర్ తీశాడు, అంటే కాలిపర్ మీదుండే నిప్పల్ అనే చిన్న మర వదులు చేసి, ఆయిల్‌లో చేరిన గాలిని బయటికి పంపడం. ఎంతసేపు తీసినా నిప్పల్ నుంచి శుభ్రమైన ఆయిలే తప్ప ఒక్క బుడగ రాలేదు. బుడగ లేదు కాబట్టి గాలి లేదని తేల్చేసి, మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు తోసే భాగం) పోయిందన్నాడు. అదీ మార్చాడు. పెడల్ అలాగే ఉంది.

పెడల్ నొక్కి పట్టుకున్నప్పుడు మెల్లగా కిందికి దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ని అనుమానించాలి. నాది నొక్కిన చోటే నిలబడేది. ఆయిల్ మట్టం కూడా తగ్గలేదు. ఆ డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

చివరికి మా బావమరిది విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి పంపాడు. ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. హ్యాండ్ బ్రేక్ లాగి పెట్టి పెడల్ నొక్కమన్నాడు. అలా చేసినప్పుడు పెడల్ బాగా పైకొస్తే వెనక డ్రమ్ము బ్రేకుల్లో లైనర్లకి (డ్రమ్ముని లోపల్నుంచి పట్టే పట్టీలకి) గ్యాప్ ఎక్కువుందని లెక్క. కొంచెమే పైకొచ్చింది. "వెనకాల కొంత ఉంది గానీ అసలు రోగం అది కాదు" అని ముందు చక్రం విప్పించాడు. టార్చి వేసి నిప్పల్ ఎక్కడుందో నన్నే చూడమన్నాడు. కాలిపర్ అడుగున ఉంది.

"గాలి పైకి పోతుందా, కిందికి పోతుందా బాబూ?"

ఎడమది కుడికి, కుడిది ఎడమకి బిగించేశారు. లోపలి గాలి పైకి చేరుతుంది కాబట్టి నిప్పల్ పైభాగాన ఉండాలి. అడుగున ఉంటే ఎన్ని బాటిళ్లు పోసినా కింది ఆయిలే బయటికొస్తుంది, గాలి పైన హాయిగా కూర్చుంటుంది. ఆయిల్ నొక్కితే కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. నా సగం పెడల్ అంతా ఆ గాలిని నొక్కడానికే పోయేది. రెండూ మార్చి బిగించి, వెనక లైనర్లు అడ్జస్ట్ చేసి ఎయిర్ తీస్తే ముందు చిటపటమంటూ బుడగలు, తర్వాతే ఆయిల్. పెడల్ పైనే పట్టింది. ఆయన తీసుకున్న కూలీ చెబితే నవ్వుతారు.

ఆ ఊపులో అడిగినవాళ్లందరికీ ఇవి ఒరిజినల్‌కి ఏమాత్రం తీసిపోవని చెప్పాను. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. ఒక వర్షాకాలం గడిచేసరికి కుడివైపు గైడ్ పిన్ (కాలిపర్ అటూ ఇటూ జారడానికి ఉండే పిన్ను) రబ్బరు చిట్లి నీళ్లు చేరాయి. పిన్ను బిగుసుకుని లోపలి ప్యాడ్ బయటిదానికంటే ఎక్కువ అరిగిపోయింది. రబ్బరు మార్చి, బ్రేకులకి వాడే గ్రీజు పెట్టించాను (మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బిపోతుంది). పిస్టన్ సీళ్ల దగ్గర మాత్రం ఇంతవరకు చెమ్మ లేదు.

మా బండి ఎక్కువగా బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లోనే తిరుగుతుంది. తిరుమల వెళ్లినప్పుడు దిగే ఘాట్‌లో కూడా పెడల్ మారలేదు. అయితే దిగినంతసేపూ సెకండ్ గేర్‌లోనే ఉన్నాను, బ్రేక్ ఆయిల్ కూడా అప్పుడే పోసిన డాట్ 4. వేడికి ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు చేరి పెడల్ మళ్ళీ స్పాంజే. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక అది 155 దగ్గరికి పడిపోవచ్చు. కాబట్టి ఆ మార్కుల్లో సగం ఆయిల్‌కే వేయాలి. నలుగురితో, సామానుతో తరచూ ఘాట్లు ఎక్కి దిగే బండైతే నేను కంపెనీవే వేయిస్తాను. నాలాగా సిటీలో తిరుగుతూ, పాత బండి మీద ఎక్కువ పెట్టబుద్ధి కానివాళ్లకి ఇవి పర్వాలేదు. కాకపోతే బిగించేటప్పుడు దగ్గరుండి నిప్పల్ పైకి ఉందో లేదో చూసుకోండి.

అన్నట్టు, పీకేసిన మాస్టర్ సిలిండర్ ఇంకా మా డిక్కీలోనే ఉంది. దానికే రోగమూ లేదు.