1939లో ఫిన్లాండ్ దారి, ఎస్టోనియా దారి: ఏది మేలు?

1939 శరదృతువులో స్టాలిన్ కొద్ది రోజుల తేడాతో రెండు చిన్న దేశాలను మాస్కోకు పిలిపించి, మీ నేల మీద మా సైన్యానికి స్థావరాలు ఇవ్వండని అడిగాడు. ఎస్టోనియా ఒప్పుకుంది, ఫిన్లాండ్ ఒప్పుకోలేదు. అప్పటికే హిట్లర్‌తో చేసుకున్న రహస్య పంపకంలో ఆ రెండూ స్టాలిన్ వాటాకే పడ్డాయి.

ఎస్టోనియా లెక్క అర్థంలేనిదేమీ కాదు. జనాభా 11 లక్షలు. సరిహద్దులో లక్షకు పైగా సోవియట్ సైనికులు. సాయానికి వచ్చేవాళ్లు ఎవరూ లేరు. సెప్టెంబర్ 28న సంతకం పెట్టి 25,000 మంది సోవియట్ సైనికులను లోపలికి రానిచ్చింది. శాంతికాలంలో ఆ దేశపు సొంత సైన్యం అంత కూడా ఉండేది కాదు! 1940 జూన్‌లో అల్టిమేటం వచ్చేసరికి ఎదురు తిరిగే వీలే మిగల్లేదు. ఆగస్టులో దేశాన్ని సోవియట్ యూనియన్‌లో కలిపేశారు. అధ్యక్షుడు ప్యాట్స్‌ను రష్యాకు తరలించారు, 1956లో అక్కడి మానసిక ఆసుపత్రిలోనే ఆయన చనిపోయారు. 1941 జూన్‌లో దాదాపు 10,000 మందిని రైలెక్కించి సైబీరియా వైపు పంపేశారు.

పోనీ యుద్ధమైనా తప్పిందా? అదీ లేదు. ఎస్టోనియా యువకులను మొదట ఎర్రసైన్యం, తర్వాత జర్మన్లు బలవంతంగా తీసుకెళ్లి తమ తరఫున పోరాడించారు.

స్థావరాలు ఇవ్వనందుకు సోవియట్ సైన్యం దాడికి దిగితే, ఫిన్లాండ్ 105 రోజులు పోరాడింది. అక్కడా లెక్క చేదుగానే ఉంది. 37 లక్షల జనాభాలో సుమారు 25,000 మంది చనిపోయారు. భూమిలో దాదాపు పదో వంతు పోయింది. 4 లక్షల మందికి పైగా, ఎక్కువగా సోవియట్ చేతికి పోయిన కరేలియా ప్రాంతం వదిలి వచ్చేశారు. ఆ తర్వాత జర్మనీ పక్కన చేరి మళ్లీ యుద్ధానికి దిగి, ఓడి, 30 కోట్ల డాలర్ల నష్టపరిహారాన్ని 1952 దాకా కట్టింది. ఆపై దశాబ్దాల పాటు ఏ నిర్ణయానికైనా మాస్కో మొహం చూడాల్సి వచ్చింది. కానీ పార్లమెంటు, ఎన్నికలు, సొంత సైన్యం నిలిచాయి. నా తూకంలో ఇదే బరువైనది.

దీన్ని ధైర్యం, పిరికితనం కథగా చెప్పేవాళ్లతో మాత్రం నాకు పేచీ ఉంది. ఫిన్లాండ్ సేనాధిపతి మన్నర్‌హైమ్ స్వయంగా, కొన్ని దీవులైనా ఇచ్చి రాజీపడమని ప్రభుత్వానికి సలహా ఇచ్చాడు. అసలు తేడా వేరే చోట ఉంది. చర్చలు నడుస్తుండగానే, అక్టోబర్‌లో, ఫిన్లాండ్ 'అదనపు శిక్షణ' పేరుతో రిజర్వు సైనికులను పిలిచి సరిహద్దుకు పంపేసింది. అడవులు, సరస్సులు, ఆ ఏటి భయంకరమైన చలి కలిసొచ్చాయి. ఎస్టోనియా ఆ పిలుపే ఇవ్వలేదు. అందుకే ఫిన్లాండ్‌కు 'కుదరదు' అనే వీలు మిగిలింది, ఎస్టోనియాకు మిగల్లేదు. సాయానికి ఏ దేశపు సైన్యమూ రాని మాట రెండింటికీ ఒకటే.

ఇప్పుడు రెండూ నాటోలో ఉన్నాయి. ఎస్టోనియా 2004లోనే చేరింది. ఫిన్లాండ్, ఉక్రెయిన్ మీద రష్యా దాడి చూశాక, 2023 ఏప్రిల్‌లో చేరింది. అయినా ఫిన్లాండ్ తన లక్షల మంది రిజర్వు సైనికులను వదులుకోలేదు. ఎస్టోనియా పొరుగున లిథువేనియా 2008లో, లాత్వియా 2007లో నిర్బంధ సైనిక సేవ ఎత్తేసి, తర్వాత మళ్లీ తెచ్చుకున్నాయి. ఎస్టోనియా మాత్రం అసలు ఎత్తేయనే లేదు.