లంగ్స్ చెకప్ ప్యాకేజీ: డాక్టరుకు ఐదు స్టార్లు, ఫారానికి సున్నా

నాన్నను తీసుకెళ్లి ఫుల్ లంగ్స్ చెకప్ చేయించాను. పేరు చెప్పను, ఇలాంటి ప్యాకేజీలు ఇప్పుడు చాలా చోట్ల అమ్ముతున్నారు, ఏ సెంటర్‌కి వెళ్లినా ఇది పనికొస్తుందని రాస్తున్నా.

ముందు కోపం తెప్పించిన సంగతి చెప్తా. కౌంటర్లో ఇచ్చిన ఫారంలో బీపీ, షుగర్, అలర్జీ, సిగరెట్, మందు అన్నీ అడిగారు కానీ ఏం పని చేసేవారు అన్న ప్రశ్నే లేదు. నాన్న ఇరవై రెండేళ్లు బాయిలర్లకి, ఆవిరి పైపులకి లాగింగ్ చేశారు, అంటే రాతినార (ఆస్బెస్టాస్) చుట్టడం, పాతది పీకడం, ఆ దుమ్ములోనే కూర్చుని తినడం. పైగా రోజుకి పదో పన్నెండో సిగరెట్లు, అవి ఇప్పటికీ ఉన్నాయి. ఊపిరితిత్తుల చెకప్‌కి వచ్చిన మనిషిని ఈ ఒక్క మాట అడగకపోతే ఎలా?

ఇంకో పొరపాటు. డీఎల్‌సీఓ టెస్టు ఉన్న రోజు సిగరెట్ కాల్చకూడదని ఫోన్లో బుక్ చేసేటప్పుడు ఎవరూ చెప్పలేదు. ఆ టెస్టులో కొద్దిగా కార్బన్ మోనాక్సైడ్ కలిపిన గాలి పీల్చి పది సెకన్లు బిగబట్టాలి, ఎంత రక్తంలోకి వెళ్లిందో మెషీన్ చూస్తుంది. పొగ తాగి వస్తే రక్తంలో ఆ గ్యాస్ ముందే ఉంటుంది కాబట్టి లెక్క తప్పుతుంది. నాన్న గేటు బయట ఒకటి లాగించి మరీ లోపలికొచ్చారు. ఇంకేముంది, మర్నాడు మళ్లీ రమ్మన్నారు.

స్పైరోమెట్రీ, అంటే ఊదే టెస్టు, చేసిన టెక్నీషియన్ అమ్మాయి మాత్రం బంగారం. ముక్కుకి క్లిప్ పెట్టి "అంకుల్, ఊదండి ఊదండి ఊదండి, ఇంకా ఉంది, ఆపొద్దు" అని పక్కన తనే ఊదుతున్నట్టు అరిచింది. మూడోసారికి నాన్న మొహం ఎర్రబడి దగ్గు వచ్చింది, కాసేపు కూర్చోబెట్టి నీళ్లిచ్చి గానీ నాలుగోది చేయించలేదు. రిపోర్టు చూస్తే మరీ ఘోరంగా ఏం లేదు. నేనైతే హమ్మయ్య అనుకున్నా.

పల్మనాలజిస్ట్ (ఊపిరితిత్తుల డాక్టరు) మేడమ్ మాత్రం అలా అనుకోలేదు. కాగితం పక్కన పెట్టి "మీరు ఏం పని చేసేవారండీ?" అని మొదట అదే అడిగారు. విన్నాక ఆవిడ చెప్పింది ఇదీ: పొగ వల్ల గాలిగొట్టాలు ఇరుకై గాలి మెల్లగా బయటికొస్తుంది, ఆస్బెస్టాస్ వల్ల ఊపిరితిత్తి గట్టిపడి పట్టే గాలే తగ్గిపోతుంది, రెండూ ఒకే మనిషిలో ఉంటే ఒక్కోసారి ఒకదాన్ని ఒకటి కప్పేసి ఊదే టెస్టు మామూలుగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే డీఎల్‌సీఓ. నాన్నది రెండోరోజు సరిగ్గా చేస్తే బాగా తక్కువ వచ్చింది. సీటీలో రెండు వైపులా ప్లూరల్ ప్లేక్స్ (ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర మీద గట్టిపడిన మచ్చలు) కనిపించాయి, అవి సిగరెట్‌తో రావట, ఆస్బెస్టాస్ పీల్చినదానికి గుర్తట. బోర్లా పడుకోబెట్టి ఇంకోసారి కూడా తీశారు, ఆస్బెస్టాస్ వల్ల ఊపిరితిత్తి గట్టిపడే జబ్బు మొదలయ్యేది వెనక అడుగు భాగంలోనే కాబట్టి.

క్యాన్సర్ సంగతి నేనే అడిగాను. నాన్నలాంటి ఇన్సులేషన్ పనివాళ్ల మీదే అమెరికాలో చేసిన స్టడీ ఒకటి 1979లో వచ్చిందట. రెండూ లేనివాళ్లతో పోలిస్తే లంగ్ క్యాన్సర్ మరణాలు ఆస్బెస్టాస్ ఒక్కటే ఉంటే 5 రెట్లు, సిగరెట్ ఒక్కటే ఉంటే దాదాపు 11 రెట్లు, రెండూ ఉంటే 50 రెట్లు పైనే. అంటే కూడిక కాదు, గుణకారం. తర్వాతి స్టడీల్లో అంత పెద్ద అంకె రాలేదు కానీ రెండూ ఉన్నవాళ్లే అన్నిటికన్నా పైన ఉన్నారు. గొట్టాల్లో దుమ్మును పైకి నెట్టే సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి, పొగ వాటిని మొద్దుబారుస్తుంది, దాంతో నారపోగులు లోపలే దిగబడతాయి, పొగలోని విషాలు ఆ పోగులకే అంటుకుని లోపలే ఉండిపోతాయి. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మీసోథీలియోమా అనే ఇంకో క్యాన్సర్‌కి మాత్రం సిగరెట్‌తో సంబంధం లేదని, మానేసినా దాని భయం తగ్గదని కూడా దాచకుండా చెప్పారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

(ఇంటికొచ్చి చదివితే తెలిసింది, 1952 నుంచి 1956 దాకా కెంట్ సిగరెట్ల ఫిల్టర్‌లోనే ఆస్బెస్టాస్ పెట్టి, ఆరోగ్యానికి రక్షణ అని అమ్మారట. ఏమనాలి?)

నాన్న "ఇన్నేళ్లయ్యాక మానితే ఏం లాభం మేడమ్, పీల్చిన దుమ్ము బయటికి రాదుగా" అన్నారు. దుమ్ము రాదు, నిజమే, కానీ ఇదే పనివాళ్ల మీద 2013లో వచ్చిన స్టడీలో సిగరెట్ మానేసిన పదేళ్లకి లంగ్ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి పడ్డాయని ఆవిడ చెప్పారు. నాన్న ఏం మాట్లాడలేదు. జేబులో ప్యాకెట్ తీసి నా చేతిలో పెట్టారు, రెండు మిగిలున్నాయి. సాయంత్రం మళ్లీ అడిగారనుకోండి, అది వేరే సంగతి.

వెళ్లేవాళ్లు చేసిన పనులన్నీ, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకానో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, అడగకపోయినా డాక్టరు ముందు పెట్టండి. ప్యాకేజీలో డీఎల్‌సీఓ ఉందో లేదో ముందే కనుక్కోండి, ఉత్త ఎక్స్‌రే, ఊదే టెస్టుతో సరిపెట్టేవి కూడా ఉన్నాయి.

సీటీ సీడీ ఫైల్లో పెట్టడం మర్చిపోతే తెచ్చుకోవడానికి వారం తర్వాత మళ్లీ వెళ్లాను. పని గురించి ఒక గడి పెట్టండని మొదటి రోజే కౌంటర్లో చెప్పి వచ్చాను కదా అని ఫారం చూశాను. అదే ఫారం.